ఖలీల్ భాయ్ వర్క్‌షాపులో నేను పట్టిన జబ్బు

పొద్దున్నే బహదూర్‌పురాలో నా షెడ్డు షట్టరు ఎత్తగానే, రాత్రంతా లోపల మగ్గిన ఇంజన్ ఆయిలు వాసన ముఖానికి కొడుతుంది. మా అమ్మకు ఆ వాసన తగిలితే తలనొప్పి. నాకు మాత్రం చాంద్రాయణగుట్టలో ఖలీల్ భాయ్ వర్క్‌షాపు గుర్తొస్తుంది. భుజాన తువ్వాలు, చేతిలో చాయ్ గ్లాసుతో ఇంజన్ మీదికి వంగి, కళ్లు మూసుకుని దాని చప్పుడు వినే పెద్దాయన గుర్తొస్తారు.

మా నాన్న ఉద్యోగరీత్యా కోస్తా నుంచి వచ్చి మాదన్నపేటలో స్థిరపడిన గుమాస్తా. నేను ఆటోమొబైల్ డిప్లొమా చేశానని సంబరపడ్డారు గానీ, కూతురు గ్రీజు చేతులతో ఇంటికి వస్తుందని ఆయన ఊహించలేదు. పని అడిగిన చోటల్లా కౌంటరులో కూర్చోమన్నారు. ఖలీల్ భాయ్ ఒక్కరే, "పానా పట్టుడు వస్తదా?" అని అడిగారు. వస్తుందన్నాను. "గట్లయితే రేపటి సంది రా బేటా" అన్నారు. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది.

పని దొరికింది గానీ నమ్మకం దొరకలేదు. కస్టమర్లు నన్ను చూసి "భాయ్ లేడా?" అనేవాళ్లు. ఆయన వాళ్లతో వాదించేవారు కాదు. నన్ను నమ్మే రోజు ఏదో ఒకటి వస్తుందన్నట్టు ఓపిక పట్టేవారు. ఆ రోజు ఒక ఎండాకాలంలో వచ్చింది.

యాదగిరి అనే టాక్సీ డ్రైవరు తన కారును తాడు కట్టి లాగించుకుని వచ్చాడు. వేడెక్కితే చాలు, నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందట. చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోందట. పెట్రోలు పంపు మార్చారు, ప్లగ్గులు మార్చారు, బ్యాటరీ మార్చారు. గుణం కనబడలేదు.

"మస్తు తిరిగిన భాయ్. ఫ్లైఓవర్ మీద నడిమిట్ల ఆగితే ప్యాసింజర్లు దిగి తిడుతున్నరు. ఇయ్యాల కాకపోతే అమ్మేస్త. కొనేటాయన సాయంత్రం వస్తుండు" అన్నాడు. ఆ కారు తప్ప అతనికి మరో బతుకుతెరువు లేదు.

ఖలీల్ భాయ్ కార్లలోకి కంప్యూటర్లు రాకముందటి కార్బ్యురేటర్ల కాలం మనిషి. అంతా విని, అందరి ముందూ, "గీ బీమారీ నాకు తెల్వది. మా సునీత చూస్తది" అన్నారు.

"గీ పిల్లనా?"

"నాకన్న మంచిగ చూస్తది. కాకపోతే లొల్లి నాతోని పెట్టుకో."

తాళం తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. షెడ్డులో పానాల చప్పుడు ఆగింది.

చల్లారిన ఇంజను స్టార్టు చేసి, ఎండలో అలాగే వదిలేశాను. బాగా కాగాక చచ్చిపోయింది. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది, అందుకోవడం లేదు. అప్పుడే ఇంజన్ వేగం చూపే ముల్లు మీద నా కన్ను పడింది. అది సున్నా దగ్గర నుంచి కదలడం లేదు. ఇంజను తిరుగుతున్న సంగతి కారులోని కంప్యూటరుకు అందడం లేదన్నమాట. ఆ కబురు అందించేది క్రాంక్ సెన్సర్ అనే బొటనవేలంత భాగం. అది చెప్పకపోతే పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలో కంప్యూటరుకు తెలియదు.

"కొత్తది తెప్పించాల్నా?" అన్నారు ఖలీల్ భాయ్.

"వద్దు భాయ్. తప్పు దానిదేనని ముందు తేలాలి."

కారు కిందికి దూరాను. సైలెన్సరు గొట్టం మోచేతిని చురుక్కుమనిపించింది. సెన్సర్ ప్లగ్గు విప్పి, లోపలి తీగ తెగిందో లేదో చూపే మీటరు దాని కొసలకు పెట్టాను. ఏమీ చూపలేదు. లోపలి సన్నటి తీగ ఎక్కడో విడిపోయింది. తడిగుడ్డ కావాలన్నాను. ఖలీల్ భాయ్ భుజం మీది తువ్వాలు కుండలో ముంచి, మోకాళ్ల మీద కూర్చుని నాకందించారు. సెన్సర్ చుట్టూ చుట్టి పట్టుకున్నాను. కాసేపటికి మీటరులో అంకెలు లేచాయి! వేడికి విడిపోతున్న తీగ చల్లబడగానే మళ్లీ కలుస్తోంది. సెన్సర్ నుంచి కంప్యూటరు దాకా వెళ్లే వైర్లు కూడా కదిపి చూశాను. వాటిలో లోపం లేదు.

కొత్త సెన్సర్ తెప్పించి బిగించాక బండి వెంటనే స్టార్టయింది. యాదగిరి ముఖం మాత్రం వికసించలేదు. "సల్లగుంటే ఎప్పుడైనా అయితది" అన్నాడు. నిజమే.

ఖలీల్ భాయ్ తాళం నా చేతిలో పెట్టారు. "నడువు బేటా, ఎండల తిప్పుదాం."

వాళ్లిద్దరూ వెనక కూర్చున్నారు. నడినెత్తిన ఎండ. ఫ్లైఓవర్ ఎక్కుతూ దిగుతూ, బస్సుల వెనక పాకుతూ ఇంజనును బాగా కాగనిచ్చాను. దిగువన పక్కకు తీసి, కావాలనే ఆపేశాను.

"అయ్యో చెల్లె, ఎందుకు బంద్ చేసినవ్!" అని యాదగిరి అరిచాడు.

తాళం తిప్పాను. చేయి తీసేలోపే ఇంజను గర్జించింది. మళ్లీ ఆపాను. మళ్లీ గర్జించింది. యాదగిరి నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు, ఆ మధ్యలోనే ఫోను తీసి, "నువ్వు రాకు అన్నా, బండి అమ్ముతలేను" అని చెబుతున్నాడు.

షెడ్డుకు రాగానే ఖలీల్ భాయ్ కారు పూర్తిగా ఆగకముందే దిగి, వీధి వీధంతా తిరిగి చూసేలా కేక పెట్టారు. "సునీత పట్టుకుంది! ఎవ్వలకు దొరకంది మా సునీత పట్టుకుంది!" అందరికీ చాయ్ చెప్పారు. 'మేం బాగు చేశాం' అని ఆయన అనుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. షెడ్డు ఆయనది, పేరు ఆయనది. అయినా నా పేరే పిలిచారు. ఆ తర్వాత "సునీతమ్మ ఉందా?" అంటూ బండ్లు రావడం మొదలైంది. వాళ్లు అలా అడిగినప్పుడల్లా ఆయన నాకంటే ఎక్కువ మురిసిపోయేవారు.

ఖలీల్ భాయ్ ఇప్పుడు లేరు. మీటరు పట్టడం నేను చదువులో నేర్చుకున్నాను. ఆ కేక వేయడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొన్న మా షెడ్డులో పనిచేసే రేష్మ, అందరం వదిలేసిన ఒక బండి జబ్బు కనిపెట్టింది. కస్టమరు నాకు దండం పెట్టబోయాడు. నేను గుమ్మంలోకి వచ్చి, "రేష్మ పట్టుకుంది!" అని అరిచాను. వీధి చివరి పాన్ డబ్బా దాకా వినబడిందట.