అవ్వ రాయించిన బిడ్డ

డెబ్బయ్యో దశకం మొదట్లో, నేను సోషల్ వర్క్ చదువుతున్నప్పుడు, వలస కుటుంబాల సర్వే కోసం మా మేడమ్ నన్ను గోదావరిఖని పంపారు. బొగ్గుబాయి పక్కనున్న గుడిసెలు నా వంతుకు వచ్చాయి. రెండు రోజులు ఎవరూ నాతో నోరు విప్పలేదు. గుడిసెలు పీకించడానికి వచ్చాననుకున్నారట. మూడోనాడు ఒక అవ్వ తనే పిలిచింది.

“ఎండల ఎందుకు తిరుగుతున్నవ్ బిడ్డా? ముందుగాల అంబలి తాగు, తర్వాత అడుగుదువు గని.”

అవ్వ భర్త చనిపోయేదాకా బాయిలో బొగ్గు నింపాడు. మానేరు నది అవతలి పల్లెలో కరువొస్తే ఇద్దరూ కాలినడకన వచ్చారట. అవి రాసుకుంటుంటే ఇరవయ్యేళ్ల అమ్మాయి నీళ్లు తెచ్చిచ్చింది.

“ఈమె మీకేమవుతుంది?”

“నా బిడ్డ.”

ఆ అమ్మాయిని పేరడిగాను. అర్థంకాక అవ్వ వైపు చూసింది.

“మీ బిడ్డకు తెలుగు రాదా అవ్వా?”

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. “ఒరిస్సా నుంచి మట్టిపనికి ముఠా వచ్చింది. ఈ పిల్ల జరమొచ్చి పడిపోతే ఇడిసిపెట్టి పోయిండ్రు. ఏడాదాయె. ఎవలన్న తీస్కపోతరని చెప్పలె. నా బిడ్డ అనే రాయి.”

అట్లాగే రాశాను, భాష గడిలో మాత్రం ఒరియా అని పెట్టాను.

హైదరాబాదులో ఆ కాగితం చూసి మేడమ్ ఆగారు. “తల్లిది తెలుగు, కూతురిది ఒరియానా?” జరిగింది చెప్పాను. ఆమె కోప్పడలేదు. “అవ్వ చెప్పింది రాశావు సరే. ఆ అమ్మాయిని అడిగావా?” అన్నారు.

మరుసటి వారమే మళ్లీ వెళ్లాను. దవాఖానలో పనిచేసే ఆయాకు ఒరియా వచ్చని తెలిసి వెంట తీసుకెళ్లాను. తన భాష వినగానే ఆ అమ్మాయి ఏడుస్తూ ఆగకుండా మాట్లాడింది.

“తల్లి ఉన్నదట. ఆమెను చూడాలె అంటున్నది,” అంది ఆయా.

అవ్వ పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత తనే అంది, “ఉత్తరం రాయి బిడ్డా. ఏడాది సంది ఆ తల్లికి బువ్వ ఎట్ల దిగిందో.”

అమ్మాయి ఆయాకు చెప్పిన ఊరి బడిపంతులుకు హిందీలో రాశాను. నెలకు తల్లి వచ్చింది; కాలేజీకి సెలవులిచ్చారని నేనూ అక్కడే ఉన్నాను. ఒకరి మాట ఒకరికి తెలియదు. అవ్వ కోడికూర వండి దగ్గర కూర్చుని తినిపించింది. ఆ తల్లి అవ్వకు నూనె రాసి, తల దువ్వి, కొప్పు ముడిచింది.

మూడు రోజులకు అందరం రామగుండం స్టేషనుకు పోయాం. అమ్మాయి అవ్వను కావలించుకుని వదల్లేదు. అవ్వే ఆ చేతులు విడిపించింది. “జల్ది ఎక్కు, బండి పోతది.”

తిరిగి వస్తూ అవ్వ, “తల్లి మంచిదే. పిల్లకు ఫికర్ లేదు,” అంది.

సర్వే ముగిసినా, సెలవులయ్యేదాకా నేను అవ్వ గుడిసెలోనే ఉండిపోయాను.