పసుపు స్టిక్కర్ డ్రమ్ము

పాశమైలారంలో మూలికల సారం తీసే ఫ్యాక్టరీలో నాది పరీక్షల గది ఉద్యోగం. అశ్వగంధ వేళ్లను ఉడికించి, ఆ కషాయాన్ని ఆరబెట్టి పొడి చేస్తారు. ప్రతి లాటులోనూ, అంటే ఒక్కో విడత సరుకులోనూ, మందు గుణమున్న పదార్థం ఒకే శాతంలో ఉండాలి. అది కొలిచేదాన్ని నేనే. పరీక్షలన్నీ అయ్యేదాకా పొడి నింపిన డ్రమ్ముకు పసుపు స్టిక్కర్ ఉంటుంది. నెగ్గితే ఆకుపచ్చ, లేకుంటే ఎరుపు.

ఈమధ్య ఒక లాటులో శాతం సరిగ్గా వచ్చింది. సీసం లాంటి లోహాల రిపోర్టు మాత్రం బయటి ల్యాబు నుంచి ఇంకా రాలేదు. ఇంట్లో అత్తమ్మ మోకాళ్ల నొప్పితో మెట్లు దిగలేకపోతోంది. రిపోర్టు ఎప్పుడూ బాగానే వస్తుంది కదా అనుకుని, పరీక్షకు పోను మిగిలిన పొడిని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చేశాను. కొత్తగా చేరినవాళ్లకు స్టిక్కర్ల గురించి పాఠాలు చెప్పేది కూడా నేనే, సిగ్గులేకుండా!

పదో రోజు రిపోర్టు వచ్చింది. సీసం హద్దు దాటింది. డ్రమ్ములన్నిటికీ ఎరుపు స్టిక్కర్లు అంటించి గదికి తాళం వేశారు. ఆ లాటులోంచి గేటు దాటింది నా డబ్బాలోని పొడి ఒక్కటే. ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తలేదు. సగం పూట సెలవు పెట్టి, మా ఇల్లున్న పోతిరెడ్డిపల్లికి ఆటో ఎక్కాను.

ఇంటికెళ్లేసరికి నాలుగేళ్ల నా కూతురు పాలగ్లాసుతో కూర్చుని ఉంది. గ్లాసు అడుగున గోధుమరంగు మడ్డి. చేతిలోంచి లాగేసుకున్నాను. అది ఏడుపు అందుకుంది.

"ఏమైంది బిడ్డా, గట్ల గుంజుకుంటివి?" అంది అత్తమ్మ.

"ఆ పొడి దీనికి గూడ ఇస్తున్నవా అత్తమ్మా?"

"పిల్ల బక్కగున్నది గదా. దినాం జెర పాలల్ల కలుపుతున్న. నువ్వు తెచ్చిందే గదా అని ఇచ్చిన."

పరీక్ష పూర్తి కాలేదని తెలిసే తెచ్చానని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాం. అత్తమ్మకు ఫర్వాలేదన్నారు. పిల్లకు సీసం కాస్త ఎక్కువే ఉందట, మూడు నెలలు పోయాక మళ్లీ చూడాలట. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది కదా, పిల్ల ఏ చిన్న మాట మర్చిపోయినా వెళ్లి క్యాలెండర్ చూస్తున్నాను.

నిన్న పిల్లకు దగ్గుమందు తెచ్చాను. చెంచాలో పోస్తుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. చదువు రాకపోయినా సీసాను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదన్న పరీక్షైందేనా బిడ్డా?"