కొత్త బ్రౌజర్‌కు బోణీ

కల్వకుర్తి బస్టాండు పక్క సందులో నాకో నెట్ షాపు ఉండేది. తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. పాత బ్రౌజర్ మొండికేస్తోందని, ఇంటర్ ఫలితాల రోజు పొద్దున్నే కొత్తది వేశాను. తెరవగానే పెద్దగా నచ్చలేదు. పైన ఉండాల్సిన మెనూ పట్టీలు లేవు, నేను దాచుకున్న పేజీలు లేవు, సున్నం వేసిన గోడలా అంతా తెల్లగా ఉంది. వేగం మాత్రం నిజమే. ఇలా నొక్కితే అలా పేజీ వచ్చి కూర్చుంటోంది. తొందరెక్కువ, మర్యాద తక్కువ అనుకున్నాను.

ముందుగా వచ్చింది మా వాడకట్టు అక్క, కూతురిని వెంటబెట్టుకుని. ఆమె పత్తి ఏరే కూలికి పోతుంది. పిల్ల పాసైతే హైదరాబాద్‌లో నర్సింగ్. తప్పితే చౌటుప్పల్‌లో మేనత్త ఇంట్లో ఉండి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. మళ్లీ పరీక్ష రాసే ముచ్చటే లేదని వాళ్ల నాయిన తేల్చేశాడట.

అక్క తెర వైపు చూసి ఆగిపోయింది. "గిదేంది, ఎప్పటి లెక్క లేదు?"

"కొత్తది అక్కా. పొద్దుగాలనే ఏసిన."

"కొత్తదా? అయితే మా పిల్లతోని బోణీ చెయ్యకు. ముందు ఇంకెవ్వరిదన్న సూడు."

మా దగ్గర ఫలితాలకు కూడా చెయ్యి, జాగా, ఘడియ అన్నీ చూస్తారు. అంతకుముందు ఏడాది పాసైన పిల్ల కూర్చున్న కుర్చీ కోసం నా షాపులో కొట్లాటే అయింది. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

"బోణీ అయ్యింది. శ్రీశైలం డ్యాంల నీళ్లెన్ని ఉన్నయో సూసిన."

"శ్రీశైలమైతే మంచిదే," అని ఒప్పుకుంది.

పిల్ల హాల్ టికెట్ నంబరు చెప్పింది. పాతదాంట్లో అయితే చక్రం తిరుగుతూనే ఉండేది, ఆలోగా తల్లులు మొక్కులన్నీ మొక్కుకునేవాళ్లు. ఈ అక్క పుస్తెలు కళ్లకద్దుకోవడానికి చెయ్యెత్తేలోపే తెర మీద ఫలితం పడింది. ఫిజిక్స్ పోయింది.

"ఫెయిలమ్మా," అంది పిల్ల.

అక్క చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంది. "గింత జల్ది ఎట్ల చెప్తది? జర ఆలోచన గూడ చెయ్యలే. పాతదాంట్ల సూడు తమ్మీ."

ఎందులో చూసినా అదే వస్తుందని చెప్పబోయాను. ఆమె ముఖం చూసి మానుకున్నాను. పాతది తెరిచి నంబరు కొట్టాను. చక్రం మొదలైంది. అక్క నెమ్మదిగా పుస్తెలు తీసి కళ్లకద్దుకుంది, పెదవులు కదులుతున్నాయి. చక్రం ఎంతకీ ఆగడం లేదు.

"ఇంకోసారి నొక్కనా?" అని పిల్లను అడిగాను.

ఆమె నా వైపు వంగి, తల్లికి వినపడకుండా అంది: "వద్దు మామా. అమ్మ మొక్కుడు అయిపోనీ."