విసుర్రాయి మీద సుడి

ఖమ్మంలో మా అమ్మాయి వాళ్ల హాల్లోకి ఈమధ్య ఒక కొత్త వస్తువు వచ్చి చేరింది. జానెడుకన్నా కాస్త పొడవున్న ప్లాస్టిక్ పలక, రెండు కొసలూ కొద్దిగా పైకి లేచి ఉంటాయి. ఆన్‌లైన్‌లో తెప్పించారు. దాని మీద ఒక కాలు ఆనించి, రెండో కాలు మడిచి, మా మనవరాలు గిర్రున తిరుగుతుంది. డాన్స్ నేర్చుకునే పిల్లలు చక్కర్లు సాధన చేయడానికట. గోడకు అంటించుకోవడానికి ఎర్రచుక్కల స్టిక్కర్లు కూడా ఇచ్చారు. తిరిగినప్పుడల్లా చూపు వచ్చి ఆ చుక్క మీదే నిలవాలట. నేను చింతపండులో గింజలు తీసుకుంటూ చూస్తుంటాను. వేసవి మధ్యాహ్నం, కర్టెన్‌లోంచి పలచటి పసుపు వెలుగు, ఫ్యాను చప్పుడు, తిరుగుతున్న గౌను. చూస్తూ చూస్తూ ఉండగానే ఖమ్మం కరిగిపోతుంది, బూర్గంపాడులో మా పెరడు వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఫ్యాను చప్పుడు కాస్తా రాయి మీద రాయి తిరిగే గరగరగా మారిపోతుంది.

ఆ పెరడు తలపుకొస్తే మా చిన్నత్త రాకుండా ఉండదు. నాన్నకు చెల్లెలు. పెళ్లయిన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, ఊళ్లో మాత్రం అడగనివాళ్లు లేరు. అందుకని నలుగురిలో తలెత్తేది కాదు. చర్చిలో వెనకాల స్తంభం చాటున చాప మీద ఒదిగి కూర్చునేది. ఇంట్లో అయితే పూర్తిగా వేరే మనిషి. వరండాలో మిషను మీద జాకెట్లు కుడుతూ, కొలతలిచ్చి వెళ్లిన వాళ్ల నడకలన్నీ నడిచి చూపించి మమ్మల్ని నవ్వించి చంపేది. నన్ను నాట్యంలో చేర్పించింది ఆవిడే. గోదావరికి అవతల భద్రాచలంలో ఒక మాస్టారు పిల్లలకు నేర్పేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక, అన్నం తిని, ఇద్దరం బస్సెక్కి వంతెన దాటేవాళ్లం. వానాకాలంలో ఎర్రటి నీళ్లు వంతెన కింద సుడులు తిరుగుతూ పోయేవి. అత్త కిటికీకి మొహం ఆనించి, "చూడవే, ఎంత సోకుగ తిరుగుతున్నదో. దానికి కండ్లు తిరగయంటవా?" అనేది. నేను నిజంగానే ఆలోచించేదాన్ని.

ఆ ఏడాది మాస్టారు గోదావరి మీద ఒక నృత్యం కట్టారు. కొందరు పిల్లలు నీళ్లు, కొందరు పడవలు, కొందరు ఒడ్లు. ఒక్క పిల్ల మాత్రం సుడి. సుడి ఒంటరిగా ముందుకొచ్చి, చక్కర్లు కొడుతూ వేదికంతా చుట్టి రావాలి. నాకు సుడి కావాలి. పండుగకు కొత్త గౌను అక్కర్లేదు, సుడి చాలు అన్నంతగా కావాలి. కానీ రెండు చక్కర్లు తిరిగేసరికి నాకు కళ్లు తిరిగేవి, గోడను కరుచుకునేదాన్ని. మాస్టారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మెత్తగానే చెప్పారు. "అమ్మాయికి తాళం ఉందండీ, అందం ఉంది. తలే నిలవట్లేదు. చూపు ఒకచోట గురి పెట్టుకుని, ఒళ్లు తిరిగాక తల తిప్పాలి. అప్పటికీ రాకపోతే ఒడ్డుగా కూర్చోబెడదాంలెండి." ఒడ్డు పని మోకాళ్ల మీద కూర్చుని చేతులూపడం. తిరుగు బస్సులో వంతెన పొడుగునా ఏడ్చాను. బస్సు దిగాక అత్త నా ముక్కు తుడిచి, "ఒడ్డు లేదు, గిడ్డు లేదు. నువ్వు సుడివే" అంది.

మొదటి సాధనం మిర్చి బస్తా. నాన్న ఖమ్మం యార్డుకు మిర్చి తోలే లారీ నడిపేవాడు కనుక ఇంట్లో ఖాళీ గోనెలకు కొదవలేదు. గరుకు గచ్చుకు నా పాదాల తోలు లేస్తోందని అత్త నడింట్లో గోనె మడత పరిచి, దాని మీద తిరగమంది. ముందుగదిలో ప్రార్థన కూడిక జరుగుతోంది. అందరూ కళ్లు మూసుకునే ఉంటారు కదా, మనల్నెవరు చూస్తారని ఆవిడ ధీమా. నేను తిరిగాను. గోనె తనలోని పాత మిర్చి దుమ్మంతా దులుపుకుంది. ఆ ఘాటు ఏ తొందరా లేకుండా గడప దాటి ముందుగదిలోకి నడిచింది. మొదట ఒక దగ్గు, తర్వాత నాలుగు తుమ్ములు, ఆ తర్వాత అందరి కళ్లల్లో ధారలు. పాస్టరుగారి గొంతు గద్గదమైంది. పెద్దమ్మలు కొంగులు అడ్డం పెట్టుకుని వెక్కుతున్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన నాన్న చెయ్యి పట్టుకుని, "ఇయ్యాల మీ ఇంట్ల కూడిక మస్తు బలంగ జరిగిందయ్యా" అన్నారు. నాన్న నవ్వు బిగబట్టి, "అవ్ అయ్యగారూ" అని సాగనంపి, లోపలికొచ్చి అత్తనూ నన్నూ గోనెనూ వరసగా చూశాడు. తిట్టలేదు. గోనెను మాత్రం కంచె అవతల పారేసి వచ్చాడు.

ఆ తర్వాత అత్త కన్ను విసుర్రాయి మీద పడింది. ఊళ్లో పిండిమర వచ్చాక అది పెరట్లో జామచెట్టు కింద పనీపాటా లేక పడి ఉండేది. అత్త దాన్ని కడిగి, రెండు రాళ్ల మధ్య గుప్పెడు జొన్నలు పోసి, పైరాయికి చిన్న పీట కట్టి, దాని మీద నన్ను నిలబెట్టింది. తాను కింద కూర్చుని పిడి పట్టుకుని తిప్పేది. నాయనమ్మ చూసి గుండెలు బాదుకుంది. "అన్నం పెట్టిన రాయి మీద కాళ్లు పెట్టిస్తవానే?"

"అన్నం పెట్టుడు ఎప్పుడో బందు చేసిందమ్మా. ఖాళీగ కూసుంది కదా, ఇప్పుడు ఆట నేర్పుతది" అంది అత్త. నాయనమ్మ గొణుక్కుంటూ పక్కనే కూలబడింది. మర్నాటి నుంచి పీట కదలకుండా తాడు బిగించే పని ఆవిడే తీసుకుంది.

ఎదురుగా తలుపు మేకుకు, కుట్టగా మిగిలిన పసుపు జాకెట్టు ముక్క వేలాడేది. "ఒళ్లు సంగతి రాయి చూసుకుంటది. నువ్వు తల ఒక్కటి చూసుకో. ముక్కను ఇడిసిపెట్టకు" అనేది అత్త. ఒళ్లు పక్కకు పోతున్నా చూపు ముక్క మీదే ఉండాలి. ఇక మెడ తిరగదనిపించినప్పుడు గభాలున తల తిప్పి మళ్లీ దాన్నే పట్టుకోవాలి. ఎండ తగ్గిన ఆ సాయంత్రాల్లో అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన వచ్చేది. సంత చేసుకుని ఊళ్లకు పోయే కోయ ఆడవాళ్లు గంపలు దించి, కంచె మీంచి తొంగి చూసి, వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుకునేవాళ్లు. రాయి చుట్టూ రాలిన నూక కోళ్లు ఏరుకుని తినేవి. తిరుగుతుంటే చెట్టూ గోడా నాయనమ్మ తెల్లజుట్టూ చారలై కలిసిపోయేవి. పసుపు ముక్క ఒక్కటే ముక్కలా మిగిలేది. నేనెవరి పిల్లనో, అది ఏ ఊరో కూడా మరిచిపోయేదాన్ని. కొన్నాళ్లకు రాయి దిగి నేల మీద తిరిగినా తల నిలిచింది. మాస్టారు చూసి నన్ను సుడిని చేశారు.

అయితే మేం ఒక సంగతి ఆలోచించలేదు. ఆ ముక్క ఎదురుగా లేకుండా నేనెన్నడూ తిరగలేదు. మాస్టారింటికి కూడా అత్త దాన్ని చేతిసంచిలో పెట్టుకొచ్చి కిటికీకి కట్టేది. కార్యక్రమమేమో కరకట్ట దగ్గర, ఆరుబయట. వేదిక ముందు జనం, జనం వెనక గోదావరి, ఆ పైన పొద్దుగూకుతున్న ఆకాశం. గోడ లేదు, మేకు లేదు, పాతిన గుంజైనా లేదు. తెర పక్కనుంచి అది చూసి అత్త కొంగు పట్టుకున్నాను.

"అత్తా, ముక్క ఏడ కడతవ్?"

అత్త జనం వైపు చూసింది. చాలాసేపు చూసినట్టే నాకు గుర్తు. "నువ్వు పో. ముక్క నీ ఎదురుంగనే ఉంటది" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

నీళ్లు వచ్చాయి, పడవలు సాగాయి, ఒడ్లు చేతులూపాయి. నా వంతొచ్చింది. ముందుకొచ్చి తలెత్తితే, చాపల మీద కూర్చున్న జనం నడిమధ్యన ఒకే ఒక్క మనిషి నిలబడి ఉంది. నెత్తి మీద పసుపు జాకెట్టు ముక్క. మా చిన్నత్త. స్తంభం చాటున కూర్చునే మా చిన్నత్త. నేను తిరగడం మొదలుపెట్టాను. కేకలు వినపడుతున్నాయి. "ఏయ్ అమ్మా, కూసో!" "ఎవలామె? ఎనకోళ్లకు కనబడొద్దా?" ఎవరో కొంగు పట్టి లాగారు కూడా. అత్త కూర్చోలేదు, తల వంచలేదు. నదీ జనమూ దీపాలూ చారలై పోతుంటే, ఆ పసుపూ దాని కింద మా అత్త మొహమూ నేను తల తిప్పిన ప్రతిసారీ ఉన్నచోటే దొరికాయి. ఆఖర్న కొంచెం తూలాను. "అణగిపోయే ముందు సుడి కూడా తూలుతుందిలే" అని మాస్టారు వీపు తట్టారు.

బస్సులో అత్త ఒళ్లో తల పెట్టుకుని, "అందరు నిన్ను తిట్టిండ్రు కదత్తా" అన్నాను.

"తిడితే తిట్టిండ్రు. ఏమైంది?" అంది. నా జడ సర్దుతూ, "కూసుంటేనే అందరు మననే చూస్తున్నట్టు ఉంటదే. నిలబడితే ఏం లేదు" అంది. వంతెన కింద గోదావరి కనిపించడం లేదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ తర్వాతి ఆదివారం అత్త చర్చిలో స్తంభం దాటి వచ్చి, అందరి నడుమ చాప మీద కూర్చుంది. నా నాట్యం హైస్కూలు చదువుతో ఆగిపోయింది గానీ, అత్త మళ్లీ స్తంభం చాటుకు వెళ్లలేదు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. విసుర్రాయి పైరాయి ఎటు పోయిందో తెలియదు. కిందరాయి మీద ఇప్పుడు బూర్గంపాడులో బకెట్ పెట్టుకుంటున్నారు. మొన్న మధ్యాహ్నం మా మనవరాలు పలక మీద చక్కగా తిరిగి, నేల మీదికి రాగానే తూలి సోఫాలో పడింది. గోడ మీది చుక్కను కోపంగా చూసి, "ఆ స్టిక్కర్ నాకు దొరుకుతలేదు అమ్మమ్మా. నువ్వు లేచి ఆడ నిలబడు. కదలొద్దు" అంది. చింతపండు చేతులతోనే లేచి ఫ్రిజ్ పక్కన నిలబడ్డాను. మోకాళ్లు ఊరుకోలేదు, నేనూ కూర్చోలేదు. పిల్ల తిరిగింది. ఆ చిన్న మొహం వెళ్లిపోతోంది, మళ్లీ వస్తోంది, వచ్చిన ప్రతిసారీ నన్ను వెతికి పట్టుకుంటోంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి మిర్చి దుమ్ము మీదికి నెట్టేయడానికి కూడా లేదు. నేను తిరిగే వంతు ఎప్పుడు అయిపోయిందో గమనించనే లేదు, కాలం నన్ను మెల్లగా నడిపించుకొచ్చి మా అత్త నిలబడ్డ చోట నిలబెట్టింది.