పొట్టేలు చెవి చెప్పిన వంశం

నా పెండ్లిని చెడగొట్టింది పగోడు కాదు, పాలోడు కాదు. నిండు సభల నిలబడి, నా చేతిరాతతోని, నా గొంతుతోని నేనే చెడగొట్టుకున్న. చప్పట్లు కొడుతరని నడుమ నడుమ ఆగుకుంట మరీ చెడగొట్టుకున్న. ఇసొంటి ఘనకార్యం సూర్యాపేటల నాకు ముందు ఎవరూ చెయ్యలే, నా వెనుక చేసినోడు ఉన్నట్టు నేను వినలే. ఆ ముచ్చట చెప్త, నవ్వుండ్రి. నేను ఎప్పుడో నవ్వుకున్న.

రజాకార్ల గడబిడ సల్లబడ్డ మరుసటేడు అది. మేం గొల్లోళ్లం. గడబిడల మా మంద చెదిరిపోయింది. ఎవరు తోలుకపోయిన్రో, ఎవరు కోసుక తిన్నరో దేవునికే ఎరుక. మిగిలింది నన్ను కన్న మా అవ్వ, నేను, కొన్ని బక్క గొర్రెలు. మీసాలొచ్చి చానా ఏండ్లయినంక అప్పుడు నాకు అక్షరాలొచ్చినయి. సూర్యాపేటల గ్రంథాలయ సంఘం ఉండేది. గడబిడల తలుపులేసుకుని ఉన్నది, మళ్ల తెరిచి పెద్దోళ్లకు చదువు చెప్పుడు మొదలుపెట్టిన్రు. అక్కడి పంతులుగారు నా చేత పలక పట్టించిండు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటరు గని, కొత్తగ అక్షరమొచ్చినోడు అసలు మనిషినే ఎరగడు. దుకాణం బోర్డు కనబడితే నిలబడి సదివేది. బస్సు మీద రాసింది సదువుకుంట నిలబడితే ఆ బస్సే పోయింది.

అట్ల రెక్కలొచ్చిన రోజులల్లనే కోదాడ దిక్కు సంబంధం వచ్చింది. పిల్ల పేరు సైదమ్మ. చూపులకు పోయిన నాడు ఆమె తలెత్తి నన్ను చూడలే. మందల గొర్రెకు ముల్లు తీస్తున్నది. ఆ తీసుడు చూసి నా గుండెల ముల్లు దిగింది. పిల్ల తండ్రి కోటయ్య మంచోడే. కోదాడకు అవతల ఆంధ్ర దగ్గర గదా, మాట జర అటు వైపు సాగుతది.

"మీ మంద పోయిందటగా బాబూ," అని ఆయన తన మందల నుంచి బలమైన పొట్టేలును పట్టిచ్చిండు. "తోలుకుపో. మంద పెరుగుద్ది. కానీ ఒక మాట. ఈ గొడవల్లో ఎవరెటు పోయారో, ఎవరెవరో తెలియట్లా. మీ ఏడు తరాలు చెప్పు, పిల్లనిస్తాను. మా పెద్దోళ్లు అడుగుతున్నారు."

"చెప్పుడేంది మామా, రాసే తెస్త," అన్న నేను. అక్షరమొచ్చిన పొగరు అది.

గాని ఏడు తరాలు నాకెట్ల తెలుస్తయి? నేను పసిపోరన్ని ఉన్నప్పుడే మా నాయిన పోయిండు. ఇంటికొచ్చి అవ్వను అడిగిన.

"అవ్వా, మా తాత పేరేంది?"

"ఛీ! మామ పేరు నోటితోని చెప్పమంటవా? కండ్లు పోతయి."

"పోనీ సైగ చెయ్యి."

"తెల్లపూలుంటయి గదా కొడుకా, ఆడోళ్లు జడల పెట్టుకునేటియి..." అని సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఆమె జిందగీల మల్లెపువ్వును మల్లెపువ్వని పిలువలే. నాకప్పుడు ఆ సైగ అందలే. సదువుకున్నోన్ని గదా, కాగితం మీద లేని మాట నాకెట్ల అందుతది?

పంతులుగారి దగ్గరికి పోయిన. ఆయన సంతోషపడి, "ఎల్లయ్యా, గ్రంథాలయ వార్షికోత్సవం వస్తున్నది. ఊరి పాత వంశాల చరిత్రలు రాయించి భద్రం చేద్దామని సంఘం అనుకుంటున్నది. నీది మొదటిది కానీ. సభలో నువ్వే చదువు. మొన్న పలక పట్టినవాడు ఇవాళ చరిత్ర చదివిండంటే మా బడికే పేరు," అన్నడు. ఆ మాటతోని నా తల మా గుడిసె చూరుకు తగిలింది.

సర్కారు పాత కాగితాలు, దస్తరాలు మిర్యాలగూడెం కచేరీల ఉంటయంటే రైస్ మిల్లుల లారీ ఎక్కి అటు పోయిన. లోపట దస్తరాల మూటలు గోడకు గోడలాగ పేర్చి ఉన్నయి. అన్నీ ఉర్దూల. నా కొత్త అక్షరాలు ఆడ కోతి చేతి కొబ్బరికాయ అయినయి. దస్తరాల ముందు కూసున్న పెద్దమనిషి అద్దాల మీంచి చూసిండు.

"ఏం గావాలె?"

"మా వంశం గావాలె."

"తాత పేరు చెప్పు, తీస్త."

"ఆయన పేరు తెలుసుకుందామనే వచ్చిన."

"పేరు తెల్వకుండ దస్తరంల ఎట్ల దొరుకుతడయ్యా?"

"దస్తరంల దొరికితేనే గదా పేరు తెలిసేది?"

ఆయన అద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకున్నడు. నేనింకా ఆడనే ఉన్న. "ఏమయ్యా," అన్నడు నెమ్మదిగ, "మీ గొల్లోళ్లకు వంశాలు చెప్పేటోళ్లు లేరా? నిడమనూరు దిక్కు మందెచ్చులోళ్లు ఉంటరు పో. వాళ్ల నోటికి ఉర్దూ రాదు, చెదలు పట్టదు."

ఈ మందెచ్చులోళ్ల సంగతి జర చెప్పాలె. వాళ్లు మా కులానికి పాడేటోళ్లు. ఏ ఇంట్ల ఎవరు పుట్టిండు, ఎవరు ఏం చేసిండు అన్నది తాతల నాటి నుంచి నోటితోనే మోస్తరు. మనం గొర్రెనిస్తం, వాళ్లు వంశం పాడుతరు. దీంట్ల ఒక మర్యాద ఉన్నది. పాడేటోడు ఇచ్చేటోన్ని 'నువ్వెవరు' అని అడగొద్దు. అడిగితే తన ఇండ్లు తనకే తెల్వనట్టు, పరువు పోయినట్టు. ఇచ్చేటోడు సుత 'నేను ఫలానా' అని చెప్పుకోవద్దు. చెప్పుకుంటే, 'నన్ను గుర్తు పట్టలేదా ముసలోడా' అని తిట్టినట్టు. మరి గుర్తెట్ల? గొర్రె చెవిలనే ఉంటది గుర్తు. మా కులంల ప్రతి ఇంటికీ ఒక చెవికోత ఉంటది. మా ఇంటి కోత ఎడమ చెవి కింద నెలవంక లాగ ఉంటది. ఇంకో ఇంటిది ఇంకో తీరు. మంద కలిసిపోయినా చెవి పట్టుకుంటే ఎవరిదో తేలిపోతది. కొత్త గొర్రె ఇంట్లకొస్తే ముందు మన కోత వేస్తం. పుట్టిన పిల్లకు బొట్టు పెట్టినట్టు అన్నమాట.

పొయ్యేటప్పుడు అవ్వ అన్నది, "మన కుంటి గొర్రెను తీస్కపో కొడుకా. ఇంటి గొర్రెనే ఇయ్యాలె."

"కుంటిదిస్తే కుంటి వంశం చెప్తడు," అని కోటయ్య మామ ఇచ్చిన పొట్టేలును తోలుకపోయిన. దానికి మా కోత ఇంకా వెయ్యలే. వేస్తే నెత్తురు కారుతది, ఇచ్చే గొర్రె అందం పాడైతదని ఊకున్న. గొల్లోనికి పుట్టి చెవికోత మరిసినోన్ని, నాకు అక్షరమొచ్చి ఏం లాభం చెప్పుండ్రి?

మందెచ్చుల భిక్షమయ్య తాతకు అప్పటికే కండ్లు మసకలు. అరుగు మీద కూసున్నడు. నేను దండం పెట్టి, మర్యాద ప్రకారం పేరు మింగి, "తాతా, మా వంశం చెప్పు," అన్న. ఆయన నా మొఖం చూడనే చూడలే. పొట్టేలును దగ్గరికి తీసుకుని కుడిచెవి తడిమిండు. కొస కోత, నడుమ చీలిక. వేలు ఆ చీలికల ఆడియ్యంగనే ఆయన మొఖమంత వెలిగింది.

"ఓహో! గొప్ప ఇల్లు అయ్యా మీది! రాక చానా ఏండ్లాయె!"

నేను మీసం దువ్విన. గొర్రె కసాయోన్ని నమ్ముతదంటరు. ఆయన గొర్రెను నమ్మిండు, నేను ఆయన్ని నమ్మిన.

పాడిండయ్యా! పులి నోట్ల చెయ్యి పెట్టి గొర్రెపిల్లను గుంజుకున్న ఒంటిచెయ్యి వీరయ్య. వాగు పొంగితే మంద మొత్తాన్ని అవతలి గట్టుకు దాటిచ్చిన కొమరయ్య. దొర ఎదుట తలపాగ తియ్యని బక్కయ్య. నేను రాసుకుంట పోయిన. నా చెయ్యి పాట వెనుక కుంటుకుంట ఉరికింది. గడబిడలు, కరువుల వల్ల ఆయన మా దిక్కు రాక ఒక తరం దాటింది గనుక పాట నడుమల ఆగింది. ఆ కింద మా నాయిన పేరు నేనే అతికిచ్చిన.

ఇంటికొచ్చి అవ్వకు సదివి వినిపిచ్చిన. అవ్వ మొఖం అదో తీరు పెట్టింది.

"కొడుకా, ఇందుల మీ తాత లేడు."

"మరి ఏం పేరు ఉండాలె?"

"నేనెట్ల జెప్త?"

"చెప్పకపోతే లేనట్టేనా?"

"ఉన్నడు గని లేడు," అన్నది పాపం. చదువు రాని మనిషి, ఏం తెలుస్తదని నేను కాగితం మడిచి జేబుల పెట్టుకున్న.

వార్షికోత్సవం నాడు గ్రంథాలయం ముందు పందిరేసిన్రు. కోటయ్య మామ బండి కట్టుకుని, పెద్దమనుషుల్ని, సైదమ్మను, వాళ్ల నాయనమ్మను తోలుకొచ్చిండు. పంతులుగారు నా గురించి నాలుగు మాటలు చెప్పి కూసున్నడు. నేను లేచిన. తాతలు నేతులు తాగిరంటే మా మూతులు వాసన చూడుండ్రి అన్నట్టు ఉన్నది నా నిలబడుడు.

"ఒంటిచెయ్యి వీరయ్య!" అని అందుకున్న. కోటయ్య మామ నవ్విండు. నా గొంతుకే అనుకున్న. "వాగు దాటిన కొమరయ్య!" అన్న. మామ నవ్వు ఆగింది. "తలపాగ తియ్యని బక్కయ్య!" అని నేను చప్పట్ల కోసం ఆగితే, ఆయన లేచి నిలబడ్డడు.

"ఆగవయ్యా. ఆ వీరయ్య ఎవరు?"

"మా తాతల తాత మామా."

"కాదు. మా తాతల తాత."

"మాకు సుత ఒక వీరయ్య ఉంటడు మామా."

"పులి నోట్లో చెయ్యి పెట్టినోడు ఊరికొకడు ఉంటాడా? ఆ కథ చెప్పే మా నాయనమ్మ నాకు అన్నం పెట్టింది!"

అప్పుడన్నా నోరు మూసుకోవద్దా? పలక పట్టినోన్ని, మూస్తనా? "ఇగో మామా, రాసి ఉన్నది. రాసింది అబద్ధమైతదా?" అని కాగితం ఎత్తి చూపిచ్చిన.

వాళ్ల పెద్దమనుషుల్ల ఒకాయన గొంతు సవరించుకున్నడు. "ఇంటిపేర్లు నడుమ మారి ఉంటాయి. మూలం ఒక్కటే అని అబ్బాయే రుజువు చేశాడు. మూలం ఒక్కటైతే పిల్ల అతనికి చెల్లెలు వరసవుద్ది."

 కోటయ్య మామ నా దిక్కు చూసి, "అయితే నువ్వు నాకు కొడుకు వరస అన్నమాట. మంచిది బాబూ. చెల్లెలి పెళ్లికి పందిరి గుంజలు నువ్వే పాతాలి," అన్నడు.

ఎత్తిన కాగితం దించిన. సైదమ్మ దిక్కు చూసిన. ఆమె ముల్లు తీసే మనిషి గదా, నాకు ఎక్కడ గుచ్చిందో ఆమెకే తెలుసు. సైదమ్మ నాయనమ్మ వెనుక నుంచి కోటయ్య మామతోని అన్నది, "నాయనా, పొద్దున వాళ్ల మంద చూసొచ్చా. మన పొట్టేలు అందులో లేదు."

"అవునయ్యా, నా పొట్టేలేది?"

"వంశం చెప్పిచ్చుకోను... భిక్షమయ్య తాతకు ఇచ్చిన."

"నేనిచ్చిన పొట్టేలును దానం చేశావా? సరే, చెవికి మా కోత ఉంది గదా, నీ కోత వేశావా?"

"...లే."

ముందు ఆడోళ్లు నవ్విన్రు. గొల్లోళ్లకు ఇంక చెప్పాల్సిన పని లేదు, పందిరి పందిరే కూలినట్టు నవ్విన్రు. పంతులుగారొక్కరే, "ఏమైంది? ఏమైంది?" అని అడుగుతుంటే, అవ్వ ఆయనకు చెవి పట్టుకుని చూపిచ్చింది. ఆయన చెవి కాదు, నాది. నేను చూపిచ్చిన మూతి వాసన వేరేటోళ్ల నెయ్యిది!

మరునాడే కోటయ్య మామ బండిల అందరం నిడమనూరు పోయినం. వెనుక మా కుంటి గొర్రె. భిక్షమయ్య తాత ఎడమ చెవి తడిమిండు, నెలవంక తగిలింది.

"ఇది వేరే ఇల్లు," అన్నడు. కుంటికాలు తడిమి నవ్విండు. "మీ ఇంటోళ్లు ఎప్పుడూ కుంటిదే ఇస్తరు."

నా తల భూమిలకు పోయింది. గాని ఆయన ఆగలే, పాట ఎత్తుకున్నడు. కరువు ఏడాది మంద పాలు అమ్ముకోకుండ ఊరి పసిపిల్లల నోట్ల పోసిన ఇల్లు అది. బలమైన గొర్రెలన్నీ అమ్మి, పిల్లల తల్లులకు జొన్నలు కొనిచ్చిన మల్లయ్య ఇల్లు. "అందుకే, మా తండ్రికి ఇచ్చే నాటికి వాళ్ల దొడ్లె కుంటిదే మిగిలింది. మా తండ్రి దాన్ని నెత్తి మీద పెట్టుకుని తెచ్చుకున్నడు."

"అగో! ఆయననే, మల్లయ్య!" అని అవ్వ అరిచి, రెండు చేతులతోని నోరు మూసుకున్నది. కండ్లేం పోలే, నిండినయి అంతే.

కోటయ్య మామ కుంటి గొర్రె చెవి నెలవంకను తనే తడిమి చూసిండు. ఆ తరువాత, "ఏడు తరాలు అక్కర్లేదు. ఆ ఒక్క తరం చాలు," అన్నడు. మళ్ల వెంటనే, "కానీ పొట్టేలు సంగతి మర్చిపోను," అన్నడు. పానం పొయ్యేదాక మర్చిపోలే సుత.

భిక్షమయ్య తాతను అడిగిన, "నాడు నా మొఖం చూస్తే అయిపోయేది గదా తాతా?" ఆయన అన్నడు, "మనిషి తన గురించి ఏదన్నా చెప్తడు కొడుకా. గొర్రె చెవి అబద్ధం చెప్పదు."

ఇప్పుడు నా గర్వం వినుండ్రి. ఆ తప్పు కాగితాన్ని పంతులుగారు చింపలే. పైన నా పేరు కొట్టేసి, 'కోదాడ కోటయ్యగారి వంశం' అని రాయించి, మా సొంత వంశం కాగితం దాని పక్కన పెట్టి భద్రం చేసిండు. భిక్షమయ్య తాత పోయినంక ఆ పాట పాడేటోళ్లు లేరు. మా అత్తగారింటి మనుమలు తమ తాతల పేర్లు కావాలని సూర్యాపేట వచ్చి, నా కుంటి అక్షరాలు వేలు పెట్టి కూడబలుక్కుని సదువుకపోయిన్రు. మా వంశం రాయబోయి అత్తగారి వంశాన్ని బతికిచ్చిన అల్లుడు మీ ఎరుకల ఎవడన్న ఉన్నడా? ఉంటే తోలుకరాండ్రి, చెవి చూస్త.

అందుకని నిండు మనసుతోని, మా కుంటి గొర్రె సాక్షిగ ఒట్టేస్తున్న: ఇగ బతికున్నన్నాళ్లు చెవి తడమకుండ ఏ గొర్రెనూ దానం చెయ్య, అవ్వ మాట వినకుండ ఏ కాగితాన్నీ నమ్మ. ఒట్టు తప్పేటట్టు లేదు. ఎందుకంటే ఇంట్ల కాపలా ఉన్నది. ఎన్ని ఏండ్లయినా నేను జర గొప్పలు చెప్పుడు మొదలుపెడితే చాలు, సైదమ్మ పొయ్యి కాడి నుంచే కేకేస్తది:

"అన్నయ్యా, అన్నం చల్లారుతోంది, రా!"