జడ విప్పే పాట

మొన్నామధ్య మా అక్క కూతురు పులిహోర తింటూ, తింటున్న చేత్తోనే టాబ్లెట్ తెరను పైకి తోస్తూ కోలాటం నేర్చుకుంటోంది. అద్దం మీద నూనెతో పడిన బొటనవేలి ముద్ర, దాని వెనకాల పట్టుపరికిణీలు కట్టుకుని తాళ్లు పట్టుకుని గిరగిరా తిరుగుతున్న ఎవరెవరో అమ్మాయిలు, ఆ అమ్మాయిలందరి దగ్గరా వాళ్లకు తెలియకుండానే చింతపండు పులుసూ ఇంగువా వేయించిన నువ్వులపొడీ కలిసిన వాసన. తుడుద్దామని చేతిలోకి తీసుకున్నాను. తుడవకుండా కాసేపు వాసన చూశాను. బుద్ధి తెలిసిన మనిషి టాబ్లెట్‌ను వాసన చూడటం ఎవరి కంటా పడితే బాగుండదు కాబట్టి, త్వరగానే తిరిగి ఇచ్చేశాను.

ఆ వాసన పెరటాసి నెలది, తమిళ లెక్కలో సెప్టెంబరు, అక్టోబరుల నడుమ వచ్చే నెల. మా పుదుచ్చేరిలో ఆ నెల పెరుమాళ్లది, అందులోనూ శనివారాలు మరీ ఆయనవి. ఎండ ఇంకా వదలదు, వాన ఇంకా రాదు, సముద్రం మీంచి వచ్చే గాలి చొక్కాను వీపుకు అంటించి వెళ్లిపోతుంది. నెల్లితోపులో మా వీధి పిల్లలమంతా తలంటి పోయించుకుని, నుదుట నామం దిద్దించుకుని, అలాంటి నామమే ఇత్తడి చెంబుకూ దిద్ది, గోవిందా అని అరుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కొచ్చేవాళ్లం. ఆ బియ్యం దంచి, బెల్లం కలిపి ముద్ద చేసి, మధ్యలో గుంట నొక్కి నెయ్యి పోసి దీపం వెలిగించేవాళ్లు. దీపం కొండెక్కాక మేం ఆ దీపాన్నే తినేసేవాళ్లం. వత్తి దగ్గర మాడిన ముక్క కోసం జరిగినన్ని తగాదాలు మా ఇంట్లో ఆస్తి కోసం కూడా జరగలేదు, ఆస్తి లేదు కాబట్టి. నెలంతా నీచు ముట్టేవాళ్లం కాదు. తేంగాయితిట్టులో, చేపల వేలానికి దగ్గర్లో ఉండే మా పెద్దమ్మ ఇంటి కిటికీలోంచి మాత్రం భక్తిని పరీక్షించే గాలి రోజంతా వీస్తూ ఉండేది. ఆ నెల్లో మా పెద్దనాన్న కుర్చీ ఆ కిటికీ పక్కకే జరిగేది.

పెరటాసికి మా ఇంట్లో రాజు మా అమ్మ వాళ్ల నాన్న, వి. గోవిందసామి తాత. బతుకంతా మిల్లులో మగ్గాల మోత మధ్య గడిపిన మనిషి కనుక, పక్కన కూర్చున్న వాళ్లతో కూడా వీధి చివర ఉన్న వాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. రిటైరయ్యాక కూడా మిల్లు సైరను వేళకే లేచి, లేచి ఏం చేయాలో తోచక మమ్మల్నందరినీ లేపేవాడు. ఆయన దగ్గరున్న ఒకే ఒక్క చదువు జడకోలాటం. పైన దూలానికి ఎనిమిది రంగుల తాళ్లు కట్టి, ఒక్కో తాడు కొస ఒక్కో పిల్ల చేతికిచ్చి, ఒకరు లోపలికీ ఒకరు బయటికీ దూరి తిరుగుతూ ఆడితే, పైనుంచి కిందికి జడ అల్లుకుంటూ దిగుతుంది. అది సగం ఆట. జడ నిండా అల్లుకున్నాక అదే పిల్లలు వేరే పాటకు, వేరే అడుగు వేస్తూ, దాన్ని మొదటికంటా విప్పాలి. చివర్లో తాళ్లన్నీ చిక్కు లేకుండా విడివిడిగా వేలాడాలి. చూసేవాళ్లు అల్లేటప్పుడు చప్పట్లు కొట్టేవాళ్లు, విప్పేటప్పుడు ఊపిరి బిగబట్టేవాళ్లు. “అల్లేది ఎవురన్నా అల్లతారు, విప్పేదే ఆట,” అనేవాడు తాత, వీధి మొత్తానికి వినబడేలా.

రెండు పాటలూ ఆయన నోట్లోనే ఉండేవి. రాసి పెట్టుకోవడానికి ఎవరికీ తెలుగు రాత రాదు. మా ఇళ్లలో తెలుగు నోటి దగ్గరే ఆగిపోతుంది, చేతికి వచ్చేది తమిళం. నేను ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు కూడా పెద్దయ్యాక ఫోనులోనే నేర్చుకున్నాను, కాబట్టి ఫోనును తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగాన్ని ఇక్కడ పూర్తిగా వాడుకుంటాను.

తాత బడి మేడ మీద, నీళ్లట్యాంకు నీడలో, ఎండబెట్టిన వడియాల పక్కన సాగేది. సాయంత్రం మేం బడి నుంచి రాగానే తాత మేడెక్కి, బిగుసుకున్న భుజాన్ని పట్టుకుని తిప్పేవాడు, తప్పు పడ్డ పాదాన్ని కర్రతో మెల్లగా తట్టి చూపేవాడు, వడియాలు తొక్కిన పాదాన్ని మాత్రం గట్టిగా తట్టేవాడు. నెలంతా ఎవరినీ పేరుతో పిలిచేవాడు కాదు, తాడు రంగుతోనే. నేను పసుపు తాడును. మా పెద్దమ్మ కొడుకు బాబు ఎర్ర తాడు. సంతకు వెళ్లినప్పుడు కూడా జనం మధ్యలో “ఏయ్ పసుపు తాడూ, యాడ పోతా ఉండావు?” అని పిలిస్తే కూరలమ్మే వాళ్లు నా చేతిలో తాడు కోసం వెతికేవాళ్లు.

రెండువేల ఆరో ఏడో, మా రంగా మామ ఫోను కొన్నాడు. రంగా మామ తాతకు కొడుకు, సేదరపేట్‌లో ఒక కంపెనీలో సూపర్‌వైజరు, ఏ పనినైనా తక్కువ మనుషులతో ఎక్కువ చేయించడం ఉద్యోగంలోనే అలవాటైన మనిషి. ఆ ఫోనులో కెమెరా ఉండేది, పాటలు ఉండేవి, మాటలు పట్టి ఉంచే రికార్డరు ఉండేది. అప్పటికే తాతకు ఆయాసం మొదలైంది. సగం మంది పిల్లలకు ట్యూషన్లు, తేంగాయితిట్టు వాళ్లకు బస్సు కుదరదు. పాటను రికార్డు చేసి అందరి ఇళ్ల ఫోన్లకూ పంపిస్తే ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు నేర్చుకుంటారు, ముసలాయనకు శ్రమ తప్పుతుంది అన్నాడు మామ. మామ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎవరో ఒకరు అడ్డం చెప్పి ఉండేవాళ్లు.

ఆదివారం మేడ మీద తాత చేతికి ఫోను ఇచ్చాడు.

“అలో,” అన్నాడు తాత.

“నాయనా, దాంట్లో ఎవురూ లేరు. ఊరికే పాడు.”

“ఎవురూ లేకుంటే ఎవురికి పాడేది?”

“పిల్లోళ్లకి. తరవాత వింటారు.”

“పిల్లోళ్లు ఈడనే ఉండారు గదరా.”

మేం నిజంగానే అక్కడే ఉన్నాం, వరసగా గోడ మీద కూర్చుని, మమ్మల్ని మాట్లాడొద్దన్నారు కాబట్టి నోళ్లు మూసుకుని. తాత కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. పచ్చ తాడు మీద ఎర్ర తాడు, ఎక్కు గోవిందా, ఎర్ర తాడు కింద తెల్ల తాడు, నక్కు గోవిందా. మూడో చరణంలో ఆయాసం అడ్డం వచ్చి రెండుసార్లు దగ్గాడు. అల్లే పాట అయిపోయి, గుక్క తిప్పుకుని, విప్పే పాట ఎత్తుకోబోతుండగా ఫోను మోగింది. కంపెనీ నుంచి. రికార్డు అక్కడితో ఆగిపోయింది. మామ మాట్లాడి వచ్చి, విని చూసుకుని, బాగా వచ్చింది, ఇది చాలు అన్నాడు.

“విప్పేది యాడ వచ్చింది? ఇంకా పాడనే లేదే.”

“అల్లేది వస్తే విప్పేది రాదా నాయనా? అట్నే ఎనక్కి తిరిగి ఆడితే పాయె.”

“ఎనక్కి తిరిగితే ఇంకా అల్లుకుంటాది గానీ విడిపోదురా. యా తాడు ముందు రావాల, యాది తరవాత రావాల, అది పాటలో ఉండాది.”

“సరి, వచ్చే ఆదివారం జూద్దాం,” అన్నాడు మామ. వచ్చే ఆదివారం ఆయనకు కంపెనీలో ఓవర్‌టైము.

అప్పటినుంచి మేడ బడికి రావడం ఒక్కొక్కరే మానేశారు, నాతో సహా. బాబు వాళ్ల ఇంట్లో ఫోనుతో పాటు ఫ్యానూ, అప్పుడప్పుడూ చాక్లెట్లూ ఉండేవి, కర్రతో తట్టేవాళ్లు లేరు, నచ్చకపోతే ఆపేయొచ్చు. తాతను ఆపడానికి మీట ఉండేది కాదు. పెద్దవాళ్లకూ అదే నచ్చింది. చదువు పాడుకాదు, తాతకు విశ్రాంతి. ఆయన మాత్రం వేళకు మేడెక్కి, తాళ్లు దులిపి కట్టి, కూర్చుని, చీకటి పడబోతే విప్పి చుట్టబెట్టి దిగి వచ్చేవాడు. విశ్రాంతి అంత కష్టపడి తీసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒకరోజు ఉండబట్టలేక బాబు వాళ్ల ఇంటికే వచ్చాడు. మేమంతా ఫోను చుట్టూ ఆడుతున్నాం. మూడో చరణం దగ్గర అందరం ఒక్కసారిగా, తాళం తప్పకుండా, రెండుసార్లు దగ్గాం.

తాత కర్రతో నేల కొట్టాడు. “ఆడ దగ్గు లేదురా.”

“ఫోన్లో ఉండాది తాతా,” అన్నాడు బాబు.

“అది నేనే గదరా దగ్గింది.”

“అదే గదా. నువ్వెట్ల జేస్తే మేం అట్నే జేస్తా ఉండాము.”

తాత అప్పుడు నవ్వాడు. నవ్వు మధ్యలో మళ్లీ దగ్గు వచ్చింది, చిన్నవాడొకడు అది కూడా నేర్చుకోవాలేమోనని మా వంక చూశాడు. తాత కూర్చుని, విప్పే పాట ఇప్పుడే చెప్తాను, పది అడుగులే, అన్నాడు. మా పెద్దమ్మ వచ్చి, “ఎందుకు నాయనా నీకీ ఆయాసం, ఫోన్లో అంతా ఉండాది గదా,” అని కాఫీ ఇచ్చి, ఆటో ఎక్కించి పంపేసింది.

కడపటి శనివారం భజన మందిరంలో ఆట. దూలం నుంచి తాళ్లు దిగాయి, కింద వరసగా జనం, వెనకాల గుండిగల్లో చక్కెర పొంగలి, పులిహోర, సుండలనే శనగ గుగ్గిళ్లు, వీటన్నిటి మీంచి తులసి, కర్పూరం. మామ ఫోనును మైకు దగ్గర పట్టుకున్నాడు. ఒప్పుకోవాలి, బాగా అల్లాం. దగ్గు కూడా బాగానే కుదిరింది. ముందు వరసలో ఒకావిడ కూడా దగ్గింది. జడ మా తలల దాకా దిగింది, చప్పట్లు మోగాయి, పాట అయిపోయింది. అయిపోయిన వెంటనే ఫోను తనకు తెలిసిన తరువాతి పాట అందుకుంది, అది సినిమా పాట. మామ కంగారుగా మీటలు నొక్కుతుంటే మేం ఆయన చెప్పినట్టే వెనక్కి తిరిగి ఆడాం. ఎవరు ముందో ఎవరికీ తెలియదు. తిరిగే కొద్దీ తాళ్లు పొట్టివై, చేతులు దగ్గరై, చివరికి మేమంతా ఒకే ముడిగా, ముక్కులు ముక్కులకు తగులుతూ నిలబడిపోయాం. జనం మొదట నవ్వారు. తరువాత నవ్వడం మానేశారు, దానికే ఎక్కువ సిగ్గేసింది.

మందిరం ప్రెసిడెంటు ముందు వరసలోంచి అన్నాడు. “ఏం గోవిందసామీ, నెలంతా నేర్పింది ఇద్దేనా?”

నేర్పనిస్తే కదా అని మామ అనొచ్చు. మామ ఫోనును జేబులో పెట్టుకున్నాడు.

తాత లేచి మా దగ్గరికి వచ్చాడు. “అట్నే నిలబడండి పిల్లోళ్లా, నేను జెప్తా,” అని మొదలుపెట్టాడు. కడాన వచ్చినోడా ముందర పోరా, ముందర పోయినోడా నిలిచి చూడరా. ఆ రెండు వరసలకే ఊపిరి అందలేదు. స్తంభాన్ని పట్టుకుని, వేలితో ఒక్కొక్క తాడునూ చూపుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి, మిల్లు మోతను మించి మాట్లాడే మనిషి గొంతు, దగ్గరున్న నాకే వినబడలేదు. అయినా తెల్ల తాడు పిల్ల ఒకడుగు వేసింది, ముడి కొంచెం సడలింది. నా మణికట్టు మీద అది సడలడం నాకు తెలిసింది.

“పొంగలి ఆరిపోతా ఉండాదప్పా,” అన్నాడు ప్రెసిడెంటు. “కత్తెర తెప్పించండి.”

“వొద్దు,” అన్నాడు తాత, ఈసారి వినబడేలా. “కొయ్యొద్దు. కొంచెం సేపే.”

పూలమ్మే ఆమె దగ్గర కత్తెర దొరికింది. కోశారు. జడ నేల మీద పడింది, మేం విడుదలయ్యాం, ఆకులు వేశారు. తాత తినకుండా ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. నేను తిన్నాను. పొంగలి బాగా కుదిరింది. అందులో దాని తప్పేం లేదు.

తరువాతి ఆదివారం మామ కొత్త మెమరీ కార్డు వేయించుకొచ్చి తాత ముందు ఫోను పెట్టాడు. ఎంతసేపైనా పడుతుంది నాయనా, పాడు, అన్నాడు.

తాత ఫోనును పక్కకు జరిపాడు. “దానికి జెప్పి ఏంది లాభంరా. అది తప్పు అడుగేస్తే నాకు కనబడదు గదా.”

నాలుగైదు సాయంత్రాలు నేను మేడ మీదికి వెళ్లాను. ఒక్క పసుపు తాడు కట్టి, నన్ను అటు రెండడుగులు ఇటు రెండడుగులు నడిపించి, మిగిలిన తాళ్లు ఉన్నట్టు చేత్తో గాలిలో చూపించి, చివరికి ఆపేశాడు. “ఒకరికి జెప్పేది కాదు పాపా ఇది. విప్పాలంటే అందురూ ఉండాల.” అందరికీ పరీక్షలు. ఆ తరువాత చలికాలంలో తాత పోయాడు. దాని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అంత గట్టిగా మాట్లాడే మనిషి కనుక, ఆగిపోయాడని వీధికంతా ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

మొన్న కడపటి శనివారం, టాబ్లెట్ చూసి నేర్చుకున్న మా అక్క కూతురి ఆటకు వెళ్లాం. మందిరానికి టైల్స్ వేశారు, గుండిగల బదులు క్యాటరింగ్ వాళ్ల డబ్బాలు, పిల్లలందరికీ ఒకేలాంటి పరికిణీలు. చక్కగా అల్లారు. పాట ఆగింది, పిల్లలు కొసలు పట్టుకుని కదలకుండా ఫోటోకు నిలబడ్డారు. అప్పుడు ముఖ్య అతిథిని పిలిచారు. వెండి పళ్లెంలో పసుపు, కుంకుమ, వాటి మధ్య బొట్టు పెట్టిన కత్తెర. ఆయన జడను కోశాడు, జనం గోవిందా అన్నారు, తలా ఒక ముక్క ప్రసాదంలా పంచారు. ఇది మన పూర్వీకుల ఆచారం అని మైకులో ఎవరో తమిళంలో చెప్పారు. నా పక్కన కూర్చున్న రంగా మామ, ఇప్పుడు ఆయనకూ ఆయాసమే, తన ముక్కను తీసుకోకుండా పక్కకు అందించాడు.

ఆట అయ్యాక పిల్లలకు నేర్పిన మిస్ దగ్గరికి వెళ్లాను. చిన్న పిల్ల, మర్యాదస్తురాలు, వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుందట. జడను కోయరని, విప్పుతారని, దానికి వేరే పాట ఉందని చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

“నాకు తెలీదక్కా. దాని వీడియో ఏమన్నా ఉంటే పంపండి, వచ్చే ఏడు తప్పకుండా నేర్పిస్తాను,” అని తన నంబరు చెప్పింది.

నేను సేవ్ చేసుకున్నాను.