కూతురి పేరున

కిందటేడు బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన ఒక తెలుగాయన కూర్చున్నాడు. రైల్వే షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడట. చనిపోయిన కూతురి పేరున నిధి పెట్టి ఏటా ఒక పేద అమ్మాయిని కాలేజీలో చదివిస్తున్నాడు. ఈసారి ఎంపికైంది ఊరి శివారు మోప్కాలోని ఒక తెలుగు కుటుంబం పిల్ల. తల్లి పంపనంటోంది. ఫీజు కట్టడానికి ఆ రోజే ఆఖరు; పిల్ల వస్తే కాలేజీకి తీసుకెళ్దామని ఆయన అక్కడ కాచుకున్నాడు.

"సచ్చిపోయిన గుంట పేరు అంటుకుంటే ఈ గుంటకీ ఆయుస్సు తగ్గిపోద్దంట బాబూ. మీరు సదువుకున్నోలు, కాస్త సెప్పండి" అంటూ ఆ తల్లికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు.

మూఢనమ్మకాల మీద ఎన్ని వేదికలెక్కి వాదించినవాణ్ణి! పేరు వల్ల ఎవరూ చావరని, చదువు లేకపోతేనే ఆడపిల్ల బతుకు చచ్చిపోతుందని గట్టిగా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"మీరు సెప్పిందంతా నిజమే బాబూ. కానీ నాకు ఒకర్తే పిల్ల. ఆ పేరు తీసేయమనండి, ఇప్పుడే పంపుతాను."

ఆ మాట ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది.

"అచ్ఛా" అని ఆయన ప్లాట్‌ఫాం వైపు చూశాడు. "సాయం ఇచ్చిన్రోజు మైకులో మా గుంట పేరు సదువుతారు బాబూ. ఇంట్లో అయితే, వాళ్ళమ్మ ఏడుస్తాదని ఆ పేరు ఎవలమూ అనం."

పేరు తీయొద్దంటే పిల్ల చదువు పోతుంది. తీసేయమంటే ఆ కూతురి పేరు వినపడే ఒక్క చోటూ పోతుంది.

ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"సరేనమ్మా, పేరుండదు. పిల్లని బేగి పంపు."